పదములు, వాక్యాంగములు: ఆంగ్లభాషాధ్యయనమున పదవర్గ విచారము

ఆంగ్లభాష నభ్యసించు మన విద్యార్థులు తొలుత వల్లించు పాఠములలో భాషాభాగముల పాఠ మొకటి. నామము, సర్వనామము, విశేషణము, క్రియ, క్రియావిశేషణము, ప్రిపొజిషన్, సముచ్చయము, ఆశ్చర్యార్థకము అని యెనిమిది పేళ్లను, పేరును తెలుపునది నామము, పనిని తెలుపునది క్రియ, గుణమును తెలుపునది విశేషణము అను లక్షణములను చిన్నవాడు సైతము అప్పగింపగలడు. ఇట్లు లక్షణములు నాలుకచివర నుండగా, రెండుమూడువేల పదములకు తెనుగర్థములు కంఠస్థములై యుండగా, ఆ విద్యార్థియే యొక చిన్న యుత్తరమును తప్పులేకుండ వ్రాయజాలక తడబడుట మన మందఱ మెఱిగినదే. ఈ కొఱతకు వాని మందబుద్ధి కారణము గాదు, జ్ఞాపకశక్తిలోపమును గాదు. పదమును వాక్యమునుండి విడదీసి, ఒంటరిగా నిలువబెట్టి, దానికి జాతి నిర్ణయింపబూనుటయే యీ యనర్థమునకు మూలమని నా తలంపు. ఆ సంగతిని ఉపపత్తులతో నిరూపించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

మొదట పేరునుగూర్చి విచారింతము. ‘భాషాభాగములు’ అనునది ఆంగ్లమునందలి ‘పార్ట్స్ ఆఫ్ స్పీచ్’ అను మాటకు మనము చేసికొన్న తెనిగింపు. ఆంగ్లేయుల మాట ‘పార్టెస్ ఒరాటియోనిస్’ అను లాటిను మాటకు తెనిగింపువంటిది. లాటినువారి మాట ‘మెరె టూ లొగూ’ అను గ్రీకుమాటకు మాఱు. ఈ గ్రీకుమాటలో ‘లొగోస్’ అను శబ్దమే ముఖ్యము. క్రీస్తునకు పూర్వము 2వ శతాబ్దమున నుండిన డయోనీసియస్ థ్రాక్స్ అను పండితుని పేర ప్రసిద్ధమై, పాశ్చాత్యవ్యాకరణములకెల్ల మాతృక యైన చిన్న గ్రంథ మొకటి కలదు. దాని భాగములన్నియు నాతడే రచించెనా యనుటలో పండితులకు భిన్నాభిప్రాయము లున్నను, దాని ప్రభావమును గూర్చి వివాదము లేదు. అందు లొగోసన పూర్ణమైన తలంపును తెలుపు పదసముదాయ మనియు, పద మట్టి సముదాయమున మిక్కిలి చిన్న భాగ మనియు చెప్పబడినది. పూర్ణమైన తలంపును తెలుపు పదసముదాయమును మనము వాక్య మందుము. కావున ఆ పేరునకు సరియైన తెనుగు ‘వాక్యభాగములు’ గాని ‘భాషాభాగములు’ గాదు. మూడు భాషలు దాటి మనయొద్దకు వచ్చుసరికి వాక్యము జాఱిపోయి, భాష దాని స్థానము నాక్రమించినది. ఈ చిన్న మార్పువలన పెద్ద భ్రాంతి పుట్టినది. భాష యను గొప్ప కొట్టులో ఎనిమిది అరలున్నవనియు, ప్రతిపదమును పుట్టుకతోనే యేదో యొక అరకు చెందియుండుననియు విద్యార్థి తలంచుచున్నాడు.

ఆ యెనిమిది యను సంఖ్యయు సహజసిద్ధమైనది గాదు. గ్రీకు గ్రంథమున నామము, క్రియ, క్రియాజన్యవిశేషణము, ఆర్టికిల్, సర్వనామము, ప్రిపొజిషన్, క్రియావిశేషణము, సముచ్చయము అని యెనిమిది. ఇందు విశేషణమునకు వేఱుస్థానము లేదు. అది నామములో నొక విధము. లాటినుభాషలో ఆర్టికిల్ లేదు గనుక లాటిను వైయాకరణులు దానిని విడిచి, ఆశ్చర్యార్థకమునకు ప్రత్యేకస్థానమిచ్చి, లెక్కను మరల ఎనిమిదిగానే నిలిపిరి. 4వ శతాబ్దమున డొనేటస్, 6వ శతాబ్దారంభమున ప్రిషియన్ రచించిన గ్రంథములు ఐరోపా పాఠశాలలలో వేయేండ్లకు పైగా చెల్లుబడియైనవి. ఆంగ్లభాషకు అచ్చుపడిన మొదటి వ్యాకరణము 1586లో విలియం బుల్లోకర్ వెలువరించినది. అదియు లాటినుచట్రముననే పోతపోయబడినది. 1762లో రాబర్ట్ లౌత్, 1795లో లిండ్లీ మరే తమ వ్యాకరణములలో ఆర్టికిల్‌ను, విశేషణమును వేఱుచేసి తొమ్మిదిగా లెక్కించిరి. తరువాతివారు కొందఱు ఆర్టికిల్‌ను విశేషణమున చేర్చి ఎనిమిదికి దింపిరి. మన పాఠశాలలకు ముట్టిన లెక్క యిది. గ్రీకులకు, లాటినులకు, ఆంగ్లేయులకు ఎనిమిదియే యైనను, ఆ యెనిమిదియు నొక్కటి కావు.

గ్రీకువారు ఈ విభాగమును అర్థమును మాత్రమే చూచి చేయలేదు. విభక్తులు గలది నామ మనియు, విభక్తులు లేక కాలమును, పురుషను, వచనమును చూపునది క్రియ యనియు రూపమును ముందుంచి లక్షణము చెప్పిరి. మన ప్రాచీనుల తెఱగును ఇట్టిదే. యాస్కుడు నామము, ఆఖ్యాతము, ఉపసర్గము, నిపాతము అని పదజాతులు నాలుగని చెప్పెను. పాణిని మఱింత సంక్షేపించి, సుప్ప్రత్యయములు చివర గలవియు, తిఙ్ప్రత్యయములు చివర గలవియు నను రెండు తెగలతో పదలక్షణమును ముగించెను. అవ్యయములందు సుప్పు కనబడదు గదా యనిన, అచ్చట సుప్పు చేరి లోపించినదని సమాధానము. ఈ భాషలన్నిటను పదముయొక్క జాతి దాని చివర వ్రాసియుండును. వాక్యమునుండి యొకపదమును పెఱికి చేతిలోనికి తీసికొన్నను ‘రామేణ’ నామమే, ‘గచ్ఛతి’ క్రియయే. తెలుగునను అంతియే: ‘ప్రేమ’ నామము, ‘ప్రేమించెను’ క్రియ, ‘నిద్ర’ నామము, ‘నిద్రించెను’ క్రియ. కనుక మనకు పదమును చూచి జాతి చెప్పుట అలవాటైనది. ఆ యలవాటును ఆంగ్లమునకు కొనిపోవుటలోనే చిక్కు.

ఆంగ్లమును ఒకప్పు డిట్టి భాషయే. వేయేండ్లక్రింద నుండిన ప్రాచీనాంగ్లమున ప్రేమకు ‘లుఫు’ అనియు, ప్రేమించుటకు ‘లుఫియన్’ అనియు వ్రాయుచుండిరి. ముగింపునకు ‘ఎండె’, ముగించుటకు ‘ఎండియన్’. చివరలు వేఱు గనుక జాతియు వేఱుగా తెలియుచుండెను. ఆ భాషలో ఊనిక పదమూలముమీద బలముగా పడుటచేత చివరి యక్షరములు క్రమముగా బలహీనములై, ఇంచుమించు 1100 మొదలు 1500 వఱకు గల నాలుగువందల యేండ్లలో వేర్వేఱుగా నుండిన చివరలన్నియు ఒక్క అస్పష్టాచ్చుగా కరగి, తుద కదియు మాసిపోయినది. ‘లవ్’ అను పదముచివర వ్రాతలో నిలిచి, ఉచ్చారణలో లేని యక్షర మాకాలపు గుఱుతు. ఇట్లు ‘లుఫు’, ‘లుఫియన్’ రెండును ‘లవ్’ అయినవి. ‘ఎండె’, ‘ఎండియన్’ రెండును ‘ఎండ్’ అయినవి. నేడు ఆంగ్లమున మిగిలిన విభక్త్యాదిప్రత్యయములు సంప్రదాయపు లెక్కను ఎనిమిది మాత్రమే: నామమునకు బహువచనము, షష్ఠి, క్రియకు వర్తమాన ప్రథమపురుషైకవచనము, భూతకాలము, రెండు క్రియాజన్యవిశేషణములు, విశేషణమునకు తారతమ్యమును తెలుపునవి రెండు. అందును ‘స్’ అను నొక్కధ్వనియే నామమున బహువచనమును, క్రియయందు ఏకవచనమును తెలుపుచు చదువరిని మభ్యపెట్టుచుండును.

చివరలు పోయిన పిమ్మట ఆ పని నెవరు చేయవలెను? పదము నిలిచిన చోటు చేయవలెను. ‘రౌండ్’ అను నొక్క పదమును తీసికొందము. ‘ఎ రౌండ్ టేబుల్’ అన్నప్పుడు గుండ్రని బల్ల, ఇది విశేషణము. ‘ది ఫస్ట్ రౌండ్’ అన్నప్పుడు మొదటి ఆవృత్తి, నామము. ‘ది షిప్ రౌండ్స్ ది కేప్’ అన్నప్పుడు ఓడ అగ్రమును చుట్టిపోవుచున్నది, క్రియ. ‘ది వీల్ గోస్ రౌండ్’ అన్నప్పుడు చక్రము గిరగిర తిరుగుచున్నది, క్రియావిశేషణము. ‘ది ఎర్త్ గోస్ రౌండ్ ది సన్’ అన్నప్పుడు భూమి సూర్యునిచుట్టు తిరుగుచున్నది, ప్రిపొజిషన్. ఒక్కపదము, అయిదు జాతులు. కడపటి రెండువాక్యములలో ‘గోస్ రౌండ్’ వఱకు తేడాయే లేదు; ఆపై నొక నామము వచ్చినదా లేదా యనుటయే జాతిని మార్చినది. ‘రౌండ్ ఏ భాషాభాగము?’ అని విద్యార్థి నడుగుట ‘ఈతడు అన్నయా, తమ్ముడా?’ అని యడుగుటవంటిది. ఎవరికి అని చెప్పనిదే యుత్తరము లేదు.

అర్థ మించుకయు తెలియకున్నను జాతి తెలియుననుటకు ఒక వినోదపరీక్ష చేయవచ్చును. ‘ది గిబ్ మొల్డెడ్ ది సాన్’ అని యొక వట్టిమాటల వాక్యమును కల్పింతము. గిబ్బన నేమో, సానన నేమో యెవరికిని తెలియదు. ఐనను ఆంగ్లము వచ్చినవాడు గిబ్బు కర్త యనియు, మొల్డెడ్ భూతకాలక్రియ యనియు, సాన్ కర్మ యనియు వెంటనే చెప్పును. తెలుగున ‘డింబుడు గొరకను బింకెను’ అనుడు. ఇచ్చటను ఆ జ్ఞానమే కలుగును. ఇపు డీరెండు వాక్యములలోని నామములను తారుమారు చేయుడు. ‘గొరకను డింబుడు బింకెను’ అన్నను తెలుగున కర్త డింబుడే, కర్మ గొరకయే. ఆంగ్లమున ‘ది సాన్ మొల్డెడ్ ది గిబ్’ అనిన తోడనే కర్త కర్మమైనది, కర్మము కర్త యైనది. తెలుగుపదము తన బిరుదమును తానే ధరించి యెచ్చటికైనను పోగలదు. ఆంగ్లపదము రాజాస్థానమున కొలువుతీరిన వానివంటిది. కూర్చున్న పీఠమునుబట్టియే వాని యధికారము.

ఈ సంగతిని ఆంగ్లవైయాకరణులు ఆలస్యముగానైన గుర్తించిరి. హెన్రీ స్వీట్ 1892లో ప్రకటించిన నూతనాంగ్లవ్యాకరణమునను, ఆటో యెస్పర్సన్ 1924లో ప్రకటించిన వ్యాకరణతత్త్వగ్రంథమునను రూపము, అర్థము, వాక్యమునందలి వృత్తి అను మూడింటిని కలిపి చూచినగాని పదజాతి తేలదని వాదించిరి. 1952లో చార్లెస్ ఫ్రీస్ అను అమెరికా పండితు డొక యడుగు ముందునకు వేసెను. అతడు టెలిఫోనులో జనులు మాటలాడుకొనిన సంభాషణములను ఆధారముగా గొని, నామము క్రియ యను పేళ్లనే విడిచి, వాక్యపుచట్రములో ఖాళీ యుంచి, ఆ ఖాళీలో ఇముడు పదములన్నియు నొకవర్గమని నిర్ణయించెను. ఇట్లు నాలుగు పెద్దవర్గములును, పదునైదు చిన్నగుంపులును ఏర్పడినవి. పేళ్లు విడుచుట అందఱకు రుచింపకపోయినను, పరీక్ష నిలిచినది. 1985లో క్వెర్కు మొదలగువారును, 2002లో హడిల్‌స్టన్, పుల్లం అనువారును వెలువరించిన మహావ్యాకరణములు పాతపేళ్లను నిలుపుకొనియు, వర్గనిర్ణయమును వాక్యపరీక్షమీదనే నిలిపినవి.

ఇట తెలుగు విద్యార్థికి ప్రత్యేకముగా తారసపడు చిక్కులను కొన్నింటిని చూతము. మన ‘మంచి’ విశేషణము నామమునకు ముందు మాత్రమే నిలుచును: ‘మంచి మనుష్యుడు.’ విధేయముగా నుండవలెనన్న ‘ఆ మనుష్యుడు మంచివాడు’ అని దానిని నామముగా మార్చుకొందుము; ‘ఉన్నాడు’ అను క్రియతో పనిలేదు. ఆంగ్లమున ‘గుడ్’ మార్పులేకయే రెండుచోట్ల నిలుచును. రెండవచోట ‘ఈజ్’ అను క్రియ తప్పదు. మన పిల్లలు ‘ఈజ్’ను విడుచుటకు కారణము అజాగ్రత్త గాదు, వారి మాతృభాష ఆ స్థానమున క్రియను కోరకపోవుటయే.

ఇంతకంటె సూక్ష్మమైనది ‘గా’ ప్రత్యయపు చిక్కు. అందమైన యనుటకు ‘బ్యూటిఫుల్’, అందముగా ననుటకు ‘బ్యూటిఫుల్లీ’ అని నేర్పి, మన ‘గా’యే ఆంగ్లుల ‘లీ’ యని సూత్రము కట్టుదురు. ‘ఆమె అందముగా పాడును’ అన్నప్పు డీ సూత్రము పనికివచ్చును. కాని ‘అతడు సంతోషముగా నున్నాడు’ అనుటకు విద్యార్థి యీ సూత్రముచొప్పున ‘హి ఈజ్ హ్యాపిలీ’ అని వ్రాయును. ఆంగ్లమున ‘ఈజ్’ తరువాతి చోటు విశేషణమునది; ‘హ్యాపీ’ యనవలెను. మన ‘గా’ రెండుపనులు చేయుచుండగా ఆంగ్లుల ‘లీ’ ఒకటే చేయుచున్నది. మఱియు ‘లీ’ యంతమందున్న పదమెల్ల క్రియావిశేషణమును గాదు: ‘ఫ్రెండ్లీ’ విశేషణము. ‘హార్డ్’ అనునది ‘లీ’ లేకయే క్రియావిశేషణము కాగలదు. ‘హి వర్క్స్ హార్డ్’ అనిన కష్టపడి పనిచేయు ననుట. ‘హి హార్డ్లీ వర్క్స్’ అనిన పనిచేయుటయే అరుదనుట. పొగడబోయి తెగడుట యనగా నిదియే.

చెవికి మాత్రమే తెలియు భేదము మఱియొకటి కలదు. ఆంగ్లమున కొన్ని పదములు నామమైనప్పుడు మొదటి యక్షరముమీదను, క్రియ యైనప్పుడు రెండవ యక్షరముమీదను ఊనిక పొందును. దస్తావేజు ‘రెకర్డ్’, నమోదుచేయుట ‘రికార్డ్’. కానుక ‘ప్రెజంట్’, సమర్పించుట ‘ప్రిజెంట్’. వ్రాతలో రెండును ఒక్కటియే. తెలుగున ఊనికవలన పదార్థము మాఱదు గనుక మనచెవి దీనిని పట్టదు. మనము రెంటిని ఒక్కతీరున పలికి, వినువారికి సందేహము కలిగింతుము. అట్లే ఉపయోగము ‘యూస్’, ఉపయోగించుట ‘యూజ్’. సలహా ‘అడ్వైస్’, సలహా చెప్పుట ‘అడ్వైజ్’. ఈ నియమమును సర్వవ్యాప్తము గాదు. ‘రిపోర్ట్’, ‘రిప్లై’ యనునవి రెండుజాతులందును ఒక్కతీరుననే పలుకబడును. కావున ప్రతిపదమును దాని వాక్యముతోడనే వినవలయును.

జాతి తెలిసినంతమాత్రమున పని తీరదు. ఆ జాతిలోని యుపజాతియు తెలియవలయును. ‘గూర్చి చర్చించిరి’ అను మన పలుకుబడి ననుసరించి మనవారు ‘డిస్కస్ ఎబౌట్’ అందురు. ‘డిస్కస్’ సకర్మకక్రియ, కర్మను నేరుగా గ్రహించును గనుక ‘ఎబౌట్’ అక్కఱలేదు. ‘టాక్’ అనునది యట్టిది గాదు. దానికి ‘ఎబౌట్’ వలయును. తెనుగర్థము చూచిన రెండును మాటలాడుటయే. వాక్యమున నవి కోరు తోడు వేఱు. మఱియు ‘గివ్’ అనిన ఇచ్చుట, ‘గివ్ అప్’ అనిన విడిచిపెట్టుట, ‘గివ్ ఇన్’ అనిన లొంగుట. ఇందు ‘అప్’, ‘ఇన్’ అను చిన్నపదములకు పైన, లోపల అని యర్థము చెప్పికొన్న విద్యార్థి దారి తప్పును. సంస్కృతమున హరతి యను నొక్కక్రియ ఆహరతి, విహరతి, సంహరతి యని యుపసర్గభేదమున అర్థభేదము నొందుటను ఎఱిగినవారికి ఇది వింత గాదు. అచ్చట ఉపసర్గ ముందు నిలుచును, ఇచ్చట వెనుక నిలుచును, అంతియే తేడా.

ఇక పదసంపదను గూర్చి. పదములెన్ని నేర్చిన భాష వచ్చును? 1989లో ఇరువది సంపుటములుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్లనిఘంటువు ద్వితీయముద్రణమున వాడుకలోనున్న పదములకు 1,71,476 ఆరోపములు గలవని ప్రకాశకుల లెక్క. అందు సగమునకు పైగా నామములు, నాలుగవవంతు విశేషణములు, ఏడవవంతు క్రియలు. తక్కిన జాతులన్నియు కలిసి మిగిలిన కొద్దిభాగములో అణగియున్నవి. నిఘంటువులో నిట్లుండగా వాడుకలో లెక్క తలక్రిందులగును. 1961లో అమెరికాలో అచ్చుపడిన రచనలనుండి యించుమించు పదిలక్షల పదములను సేకరించి, కుచెరా, ఫ్రాన్సిస్ అను పండితులు 1967లో గణనము ప్రకటించిరి. అందు ‘ది’ అను నొక్క ఆర్టికిల్ నూటికి దాదాపు ఏడుమాఱులు, ‘ఆఫ్’ అను ప్రిపొజిషన్ నూటికి మూడుమాఱులకు పైగా వచ్చినవి. నిఘంటువులో అణుమాత్రమైన గుంపు వాక్యములో ఏలుబడి చేయుచున్నది.

కావుననే నేటి వైయాకరణులు పదవర్గములను తెఱచినవి, మూసినవి యని రెండుగా విభజింతురు. నామము, క్రియ, విశేషణము, క్రియావిశేషణము తెఱచిన వర్గములు. వీనిలో దినదినము క్రొత్తపదములు చేరుచుండును. సర్వనామము, ఆర్టికిల్, ప్రిపొజిషన్, సముచ్చయము, సహాయకక్రియ మూసిన వర్గములు; వీనిలో క్రొత్తది ప్రవేశించుట మిక్కిలి యరుదు. ఆంగ్లము ఫ్రెంచి, లాటిను, గ్రీకు భాషలనుండి వేలకొలది పదములను పుచ్చుకొన్నను, అడుగడుగున వాడు చిన్నపదములు దాదాపన్నియు దాని సొంతసొత్తు. ‘దె’, ‘దెమ్’ అను సర్వనామములు మాత్రము ఉత్తరదేశపు స్కాండినేవియను భాషనుండి వచ్చినవి. అంతటి గాఢసంసర్గము కలిగిననే గాని ఆ తలుపు తెఱవబడదు. తెలుగునందును ఇదియే తీరు. అగ్ని, అగ్గి, నిప్పు అని తత్సమ తద్భవ దేశ్యములు మూడును నామములలో కలిసి కాపురము చేయుచున్నవి. కాని నేను, నీవు, వాడు అనునవియు, విభక్తులును, క్రియావిభక్తులును తెలుగువే. 1816లో అచ్చయిన కాంబెల్ తెలుగువ్యాకరణమునకు ఎల్లిస్ దొర పీఠికలో వ్రాసిన టిప్పణమున, సంస్కృతపదము లెన్ని యున్నను తెలుగు సంస్కృతజన్యము గాదని మన ధాతువులను చూపి నిరూపించెను. భాషయొక్క సొంతదనము పదరాశియం దుండదు; ఆ రాశిని వాక్యముగా కట్టు చిన్నసామగ్రియం దుండును.

దీనికి ప్రత్యక్షసాక్ష్యము మన నోటనే కలదు. ఆంగ్లపదములు తెలుగులోనికి వచ్చునప్పుడు తమ జాతిని గడపవెలుపల విడిచి వచ్చుచున్నవి. ‘ప్రింట్’ ఆంగ్లమున క్రియయు నామమును. తెలుగున దానికి ‘ప్రింటు చేయు’ అని మన క్రియను తగిలింపక తప్పదు. ‘ఫెయిల్’ అక్కడ క్రియ; ఇక్కడ ‘ఫెయిలగు’ అనవలెను. ‘బిజీ’ విశేషణము, ‘బిజీగా నున్నాడు’ అని మన ‘గా’ను ధరించిన పిమ్మటనే వాక్యమున చొరగలదు. ఈ యుపాయమును పామరుడును తప్పులేక చేయుచున్నాడు. పదము పరదేశిది కావచ్చును, దాని కుద్యోగ మిచ్చునది మాత్రము మన వాక్యమే యని వానికి బోధించినవారెవరు? మాతృభాషలో నిట్లు సహజముగా కలిగిన జ్ఞానమును అన్యభాష నేర్చునపుడు మేలుకొలుపుటయే ఉపాధ్యాయుని పని.

అందులకు చేయవలసినది కష్టమైనది గాదు. విద్యార్థి తన పదపట్టికలో ఎడమవైపు ఆంగ్లపదమును, కుడివైపు తెనుగర్థమును వ్రాయు నాచారమును విడిచి, ప్రతిపదమును ఒక చిన్నవాక్యముతో వ్రాయవలెను. ఒకపదము రెండు జాతులలో కనబడిన రెండు వాక్యములు వ్రాయవలెను. క్రియ యైనచో నది కర్మను కోరునో లేదో, ఏ ప్రిపొజిషన్‌ను వెంటబెట్టుకొనునో ఆ వాక్యమే చెప్పును. 1755నాటి జాన్సన్ నిఘంటువు ప్రతిపదమునకును జాతిని సూచించి, ప్రయోగములను ఉదాహరించినది. మన బ్రౌన్ దొర 1852లో వెలువరించిన తెలుగు నిఘంటువును జాతిసూచన చేసి ప్రయోగములను చూపినది. నిఘంటుకర్త లింత శ్రమపడి యిచ్చిన సంకేతాక్షరములను, ఉదాహరణములను దాటి, అర్థమును మాత్రము ఏఱుకొని పోవువాడు గింజను పాఱవేసి పొట్టును మూటగట్టుకొన్నవాడే.

ఉపాధ్యాయులును ‘ఈపద మేభాషాభాగము?’ అని యడుగుట మాని, ‘ఈవాక్యమున నీపద మేపని చేయుచున్నది?’ అని యడుగుదురుగాక. ప్రశ్నలో నింత మార్పు కలిగిన, ఉత్తరమున కొఱకు విద్యార్థి తన జ్ఞాపకమును గాక ఎదుటనున్న వాక్యమును వెదకును. వేయిపదములు వల్లించియు వ్రాయలేకపోవుచున్నవానికి కావలసినది మఱియొక వేయి పదములు గావు. ఉన్న పదములను వానివాని చోట నిలుపు నేర్పు. పేరునుగూడ మార్చి ‘వాక్యాంగములు’ అని వ్యవహరించినచో రెండువేలయేండ్ల క్రిందట గ్రీకులు చెప్పిన మొదటిమాటకు మనము మరల దగ్గఱ యగుదుము. పేరు మార్చుటకు విజ్ఞులు సమ్మతింపకున్నను కొఱత లేదు. చూపు మాఱిన చాలును.